ముందు ఎవరి ఊరేగింపు?

*మతాల మధ్య సంభాషణ అనగానే సభలు, వేదికలు, ఉపన్యాసాలు గుర్తుకొస్తాయి. తెలుగునాట మాత్రం అది ఎక్కువగా తేదీల దగ్గర, దారుల దగ్గర, రొట్టెల దగ్గర, పీర్ల దగ్గర నడిచింది.*

భాద్రపద శుక్లపక్షం చివరి రోజుల్లో హైదరాబాదు పాతబస్తీ 2023 నుంచి మూడేళ్లపాటు రెండు రంగులతో నిండిపోయింది. చార్మినార్ చుట్టుపక్కల వీధుల్లో వినాయక మండపాలవారు కట్టిన కాషాయ జెండాలు, మీలాదున్నబీ కోసం కట్టిన ఆకుపచ్చ తోరణాలు పక్కపక్కనే రెపరెపలాడుతుండగా, ఒక దుకాణంలో గణపతికి వేసే పూలదండలు, దాని పక్కనే మసీదు ముంగిట వెలిగించే రంగుదీపాల తీగలు అమ్ముడుపోయాయి. పాతబస్తీ గుండా హుస్సేన్‌సాగర్‌కు సాగే నిమజ్జన శోభాయాత్రకైనా, ముహమ్మద్ ప్రవక్త జన్మదినాన జరిగే మీలాద్ జులూస్‌కైనా దారి చాలామేరకు ఒక్కటే, వాహనాలు నిలిచే కూడళ్లూ అవే, కాపలా కాయవలసిన పోలీసులూ వారే.

2023లో ఈ రెండూ ఒకే రోజున, సెప్టెంబరు 28 గురువారం నాడు పడ్డాయి. మీలాద్ నిర్వాహకులు, మతపెద్దలు, పోలీసు అధికారులు కూర్చుని మాట్లాడుకున్న మీదట జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో మీలాద్ సెప్టెంబరు 16న, నిమజ్జనం 17న రాగా, జులూస్ 19న జరిగింది. మరుసటి ఏడాదీ అదే పద్ధతి నడిచింది. ప్రార్థనలు, ఇళ్లలోని వేడుకలు వాటి తిథికే జరిగాయి కాబట్టి మారింది ఊరేగింపు తేదీ మాత్రమే, ఆచారం కాదు. ఈ తేడాను గుర్తించి ఒప్పుకోవడానికి ఎవరి శాస్త్రాన్ని వారు కాస్త విప్పి చూసుకోవలసి వచ్చింది.

ఇటువంటి ఒప్పందాన్ని సాధారణంగా శాంతిభద్రతల వార్తగా చదివి పక్కన పెడతారు. నిజానికి భిన్న మతాల వారి మధ్య జరిగే సంభాషణకు ఇంతకంటే నికరమైన ఉదాహరణ దొరకదు. దేవుడు ఒక్కడా, అనేకులా అన్న ప్రశ్న అక్కడ రాలేదు. రోడ్డు ఒక్కటే ఉంది, దాన్ని ఎవరు ఎప్పుడు వాడుకోవాలన్నదే ప్రశ్న. తెలుగు నేల మీద మతాల మధ్య మాటలు నిలిచిన చోట్లను పరిశీలిస్తే, అవన్నీ దాదాపుగా ఇలాంటి పనుల చుట్టూ అల్లుకున్నవే.

> రెండు పంచాంగాల లెక్క
>
> ఇస్లామీయ సంవత్సరం పూర్తిగా చంద్రుని మీద ఆధారపడినది, సుమారు 354 రోజులు. తెలుగు పంచాంగమూ చాంద్రమానమే గానీ, రుతువులతో తేడా రాకుండా సుమారు 32, 33 నెలలకొకసారి అధికమాసాన్ని చేర్చుకుంటుంది. అందువల్ల ఒక అధికమాసానికీ మరో అధికమాసానికీ నడుమ రెండు పంచాంగాలూ నెలకు నెల జోడుగా నడుస్తాయి. 2023లో అధిక శ్రావణం తర్వాత రబీవుల్ అవ్వల్ నెల భాద్రపదంతో జతకట్టింది. ముహర్రం ఆషాఢంతో కలవడంతో 2024 జులై 17న, 2025 జులై 6న పీర్ల పండుగ, తొలి ఏకాదశి ఒకే రోజున వచ్చాయి. 2026 నాటి అధిక జ్యేష్ఠంతో ఈ జోడీ విడిపోతుంది. మళ్లీ ఇవే నెలలు కలుసుకోవడానికి సుమారు 32, 33 ఏళ్లు పడుతుంది.

రాజులు పెట్టిన చర్చలు

మతాల మధ్య చర్చ అనగానే చరిత్ర పుస్తకాలు అక్బరు చక్రవర్తిని ముందు నిలబెడతాయి. 1575లో ఫతేపుర్ సిక్రీలో ఆయన కట్టించిన ఇబాదత్ ఖానా, అంటే ఆరాధనా మందిరం, మొదట ముస్లిం పండితుల వాదోపవాదాలకే పరిమితమై ఉండి, తర్వాత బ్రాహ్మణులకు, జైనులకు, పారశీకులకు, 1580లో గోవా నుంచి వచ్చిన జెసూట్ పాదిరీలకు కూడా తలుపులు తెరిచింది. అయితే తొలి రోజుల్లోనే ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద పండితులు తగవు పడగా, చక్రవర్తి స్వయంగా ఎవరి దిక్కు వారికి కేటాయించవలసి వచ్చింది. ఆ మందిరం సరిగ్గా ఏ చోట ఉండేదన్న విషయంలో నేటికీ చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

అక్బరు మునిమనవడు దారా షికో ఇంకా ముందుకు వెళ్లి, కాశీ పండితుల సాయంతో 1657 నాటికి సుమారు 50 ఉపనిషత్తులను పారశీకంలోకి తెచ్చాడు. రెండేళ్లకే తమ్ముడు ఔరంగజేబు చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ పారశీక పాఠాన్నే ఫ్రెంచి పండితుడు ఆంక్తిల్ ద్యుపెరాఁ లాటిన్‌లోకి మార్చి 1801-02లో అచ్చువేయగా, జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్ దాన్ని చదివి ముగ్ధుడయ్యాడు. ఉపనిషత్తులు ఐరోపాకు ఒక మొగలు యువరాజు చేతుల మీదుగా చేరడం చిన్న సంగతి కాదు. అయినా ఈ చర్చలన్నీ ఒక పాలకుడి ఇష్టం మీద నిలిచినవి కాబట్టి, ఆ పాలకుడితోనే ముగిశాయి.

దక్కనులో కథ కొంత వేరు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా రాజ్యానికి రాకముందు 1543 నుంచి ఏడేళ్లపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపి, తెలుగు రుచి మరిగాడు. 1550లో సింహాసనం ఎక్కాక ఆయన కొలువులో తెలుగు కవులకు ఆదరణ దొరికింది. వారు ఆయన్ను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితం ఇవ్వగా, పొన్నికంటి తెలగన్న ‘యయాతి చరిత్రము’ను పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. సంస్కృత పదాలను పక్కనపెట్టి దేశి మాటలతోనే సాగిన తొలి అచ్చ తెలుగు కావ్యం ఒక ముస్లిం ప్రభువు పేర వెలువడిందన్నమాట.

ఇంతవరకు చెప్పి ఆపితే కథ తీయగా ఉంటుంది. కానీ అదే ఇబ్రహీం 1565లో తక్కిన సుల్తానులతో చేతులు కలిపి, ఒకప్పుడు తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి యుద్ధానికి వెళ్లాడు. ఆ పోరులో రామరాయలు హతుడయ్యాడు. రాజుల లెక్కలో కావ్యం కావ్యమే, రాజ్యం రాజ్యమే.

పీరును ఎత్తేది ఎవరు?

కొలువులు పోయినా ఊళ్లలో మిగిలింది పీర్ల పండుగ. ప్రవక్త మనవడు ఇమాం హుసేన్, ఆయన బంధుమిత్రులు క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో అమరులైన సందర్భాన్ని ముహర్రం నెల తొలి పది రోజుల్లో స్మరించుకునే ఈ ఆచారానికి పల్లెల్లో కేంద్రం ఆశూర్ఖానా. దీన్నే పీర్ల కొట్టమని, పీర్ల చావిడి అని పిలుస్తారు. లోహంతో చేసి కర్రలకు బిగించిన ఫలకాలు, అరచేతి ఆకారాలే పీర్లు. హసన్, హుసేన్, బీబీ ఫాతిమా, మౌలాలి వంటి పేర్లతో వాటిని గుర్తిస్తారు.

నెలవంక కనబడగానే చావిడి ముందు గుద్దలి వేసి అలావా, అంటే నిప్పుల గుండం తవ్వుతారు. ఏడాది పొడుగునా పెట్టెలో ఉన్న పీర్లను తీసి, చింతపండుతో తోమి, రంగురంగుల దట్టీలు కట్టి నిలబెడతారు. ఊదు వేసి ఫాతిహా, అంటే ప్రార్థన చదివే బాధ్యత ముజావరుది, అంటే చావిడి బాగోగులు చూసే ముస్లిం సేవకుడిది. కొబ్బరి కుడుకలు, బెల్లం, రొట్టెలను నలిపి బెల్లంతో కలిపిన మలీద ముద్దలు తెచ్చేవారిలో ఎక్కువమంది హిందువులే. పీరును ఎత్తుకునే హక్కు చాలా ఊళ్లలో ఫలానా ఇంటివారిదని తరతరాలుగా స్థిరపడి ఉండగా, ఆ ఇల్లు కాపుదో గొల్లదో మాలదో కావడం మామూలే. డప్పు లేనిదే పీరు కదలదు కాబట్టి మాదిగల పాత్ర ఎప్పుడూ ముందువరుసలోదే. ఒక్క ముస్లిం కుటుంబమైనా లేని ఊళ్లలో సైతం ఈ పండుగ తప్పకుండా జరుగుతుంది. అటువంటి చోట ఫాతిహా చదవడానికి పక్క ఊరి నుంచి ముల్లాను పిలిపించుకుంటారు.

ఇక్కడ గమనించవలసింది భక్తి ఒక్కటే కాదు, పని పంపకం కూడా. చదివేది ఒకరు, ఎత్తేది మరొకరు, కట్టెలు తెచ్చేది ఇంకొకరు. వీరిలో ఏ ఒక్కరు మాట తప్పినా పండుగ ఆగిపోతుంది గనుక, ఏడాదికొకసారైనా ఒకరి గుమ్మం ముందుకు మరొకరు వెళ్లక తప్పదు. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి పేర కొలువైన పీరుకు ఆంధ్ర, కర్ణాటకల నుంచి జనం వస్తారు. అక్కడివారు అగ్నిగుండ ప్రవేశాన్ని ఎంత నియమంగా పాటిస్తారో, అదే ఊళ్లోని ఆంజనేయస్వామిని అంత నియమంగా కొలుస్తారు. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ ఈ ఊరినే ఆధారంగా చేసుకుని పీర్ల పండుగ మీద రాసిన ఆంగ్ల గ్రంథం 2013లో వెలువడింది. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ, మస్తానయ్య, సైదమ్మ, పీరమ్మ, దస్తగిరి వంటి పేర్లు రాయలసీమ నుంచి నల్లగొండ దాకా హిందూ ఇళ్లలోనూ వినిపించడానికి మూలం ఈ మొక్కుబడులే.

దీన్ని స్వర్ణయుగంగా చూపించడం మాత్రం సరికాదు. పీరు ముందు డప్పు కొట్టినవాడికి అదే ఊళ్లో చేదబావి దగ్గర చోటు దొరకని కాలం ఎంతోకాలం కిందటిదేమీ కాదు. మతాల మధ్య గీత చెరిగిన చోట కులాల మధ్య గీత చెక్కుచెదరకుండా ఉండేది.

అప్పు తీర్చుకునే రొట్టె

నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర ముహర్రంలో జరిగే రొట్టెల పండుగకు మతగ్రంథాల్లో ఆధారం వెతికినా దొరకదు. పన్నెండుగురు అమరవీరుల సమాధులుగా చెప్పుకునే ఆ దర్గాను ఆనుకొని ఉన్న స్వర్ణాల చెరువులోకి ఆడవారు, మగవారు మోకాలి లోతు దిగి, తలమీద కొంగో రుమాలో కప్పుకుని రొట్టెలు మార్చుకుంటారు. గత ఏడాది కోరిక తీరినవారు ఇచ్చేవారు, ఈ ఏడాది కోరిక ఉన్నవారు పుచ్చుకునేవారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె అని ఒక్కో కోరికకు ఒక్కో పేరు ఉండగా, కాలం మారేకొద్దీ వీసా రొట్టె కూడా వచ్చి చేరింది.

పుచ్చుకున్న రొట్టెను తినేసి ఊరుకోవడానికి వీల్లేదు. కోరిక తీరాక తిరిగి వచ్చి, ముక్కూమొహం తెలియని మరొకరికి రొట్టె ఇచ్చి తీరాలి. ఇచ్చేవారి కులం, మతం అడిగే ఆనవాయితీ లేదు. ‘ఏ రొట్టె కావాలమ్మా?’ అన్న ఒక్క ప్రశ్నతోనే ఇద్దరు అపరిచితుల మధ్య మాట కలుస్తుంది. అది కూడా ఇంట్లోవారికి తప్ప ఎవరికీ చెప్పుకోని బాధ గురించిన మాట. పిల్లలు లేని తల్లి చేతిలో పిల్లలు పుట్టిన తల్లి రొట్టె పెట్టే ఆ క్షణానికి ఏ సర్వమత సమ్మేళనమూ సాటిరాదని అనడం అతిశయోక్తి కాదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక ఏర్పాట్లు పెరిగాయి, ఫ్లెక్సీలూ పెరిగాయి.

> అల్లుడి గుడికి ఉగాది సారె
>
> కడప పక్కనే ఉన్న దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు వచ్చి కొబ్బరికాయ కొట్టి మొక్కుకోవడం పాత ఆనవాయితీ. స్వామి ముస్లిం ఆడపడుచు బీబీ నాంచారమ్మను పెళ్లాడాడన్న నమ్మకం వల్ల ఆయన తమ ఇంటి అల్లుడని వారి భావన. భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం గోల్కొండ చివరి సుల్తాను తానీషా కాలం నుంచి వస్తోందని చెబుతారు. విజయవాడ గుణదల కొండమీది మేరీమాతకు ఫిబ్రవరి ఉత్సవాల్లో క్రైస్తవేతరులు కూడా తలనీలాలు ఇస్తారు.

గుళ్లో సన్నాయి, ఇంట్లో నమాజు

తెలుగునాట దూది ఏకే వృత్తి నుంచి పేరు తెచ్చుకున్న దూదేకుల కులంవారు, ఇతర ముస్లిం కుటుంబాలవారు కోస్తా జిల్లాల్లో నాదస్వర విద్యను తరతరాలుగా కాపాడుతూ వచ్చారు. దేవుడి మేలుకొలుపు, కల్యాణం, పవళింపు సేవ వంటి సందర్భాలకు తగిన రాగాలు, కీర్తనలు వారికి కంఠోపాఠం. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళనాడు వెళ్లి, చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో వాయించిన ఆ విద్వాంసుడు రోజూ నమాజు చేసే ముస్లిం. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి ఆయన్ను వరించాయి. ఆయన శిష్యపరంపరకు చెందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ దక్కింది.

ఇటువంటి వారిని మతసామరస్యానికి ప్రతీకలని పొగడడం పరిపాటి. ప్రతీక అన్న మాట వారి కష్టాన్ని కాస్త తక్కువ చేస్తుంది. ఒక త్యాగరాజ కీర్తనను చెడకుండా వాయించడానికి రోజుకు కొన్ని గంటల చొప్పున ఏళ్ల తరబడి సాధన చేయడమంటే, అవతలి వారి భక్తిని శ్వాసతో సహా నేర్చుకోవడం. ఇరుగుపొరుగు మతాల గురించి ఉపన్యాసాలిచ్చే ఎంతోమందికి ఆ లోతు లేదు.

మొక్కులు ఒక్కటైతే గొడవలు ఆగుతాయా?

ఆగవనే చరిత్ర చెబుతోంది. దసరా నాటి అలాయిబలాయి ఆలింగనాలకు, ముహర్రం నాటి బీబీకా అలం ఊరేగింపుకు పేరుపొందిన హైదరాబాదే 1990 డిసెంబరులో మతకల్లోలాల్లో తగలబడింది. రాజనీతి పరిశోధకుడు అశుతోష్ వార్ష్ణేయ 2002లో వెలువరించిన గ్రంథంలో దేశంలోని ఆరు నగరాలను జంటలుగా పోల్చి, హైదరాబాదును లక్నో పక్కన నిలిపి చూశారు. ఆయన చెప్పిన సారాంశం సులువైనదే. పల్లెలో పలకరింపులే చాలవచ్చుగానీ, నగరంలో అవి పుకార్ల వేగాన్ని ఆపలేవు. రెండు మతాలవారు సభ్యులుగా ఉండే వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, వృత్తి బంధాలు ఉంటేనే అది సాధ్యం. లక్నోలో చికన్ కుట్టుపని ముస్లిం చేతులనూ హిందూ వ్యాపారులనూ ఒకే దారంతో కట్టి ఉంచగా, హైదరాబాదు పాతబస్తీలో అంతటి ఉమ్మడి జీవనోపాధి లేకపోయింది.

ఆ లోటును పూడ్చడానికి ప్రయత్నించినవారి కథలో ఒక విచిత్రమైన మలుపు ఉంది. ముస్లింల మధ్య క్రైస్తవ మతప్రచారం చేసేవారికి శిక్షణ ఇవ్వడానికి 1930లో లాహోరులో హెన్రీ మార్టిన్ సంస్థ ఏర్పడింది. పలు ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరేనాటికే దాని ఆలోచన మారుతూ వచ్చింది. 1990 నాటి కల్లోలాల తర్వాత ఆ సంస్థవారు పాతబస్తీలో రెండు మతాల ఆడవారికి కుట్టుపని నేర్పించే, పిల్లలకు చదువు చెప్పే కేంద్రాల మీద దృష్టి పెట్టారు. ఇతరులను తమ మతంలోకి తెచ్చుకోవడానికి పుట్టిన సంస్థ చివరకు హిందూ ముస్లిం మహిళలను ఒకే కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది.

సడలుతున్న ముడి

పాత సంబంధాలు ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఒత్తిడికి లోనవుతున్నాయి. పీర్లను నిలబెట్టడం ఇస్లాంలో లేని కొత్త పోకడ అని సంస్కరణవాదులు ముజావర్ల ఇళ్లలో చెబుతుండగా, పరాయి మతం పండుగలో హిందువులకేం పని అని ఇటువైపు యువకులను అడిగేవారు బయలుదేరారు. ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి ద్వేషించుకుంటూనే ఒకే పనిచేస్తున్నాయి. ఆశూర్ఖానాల ఇనాం భూములు చాలాచోట్ల చేతులు మారాయి. పీరును ఎత్తే ఇంటి కుర్రవాడు బతుకుతెరువుకు నగరానికి వెళ్లిపోయాడు. అయినా ముహర్రం పదో రోజుకు ఊరు చేరడానికి సెలవు పెట్టుకునేవారు ఇంకా ఉన్నారు.

అసలు కొరత నగరంలోనే ఉంది. పోలీస్ స్టేషన్లలో పండుగలకు ముందు జరిగే శాంతి కమిటీ సమావేశాలకు పిలుపు అందేది ఎక్కువగా నాయకులకు, మండపాల నిర్వాహకులకు, మసీదు కమిటీ పెద్దలకు. ఆడవారు కనిపించడం అరుదు. అద్దె ఇళ్లలో ఉండేవారికి ఆ సమావేశం జరిగిన సంగతే తెలియదు. అంతకంటే ముఖ్యంగా, పేరు విని, వంట సంగతి అడిగి, ‘ఇల్లు ఖాళీ లేదు’ అని చెప్పే వాడల్లో భిన్న మతాల వారు ఇరుగుపొరుగు కావడానికే అవకాశం లేకుండా పోతోంది. పల్లెలో వేర్వేరు దేవుళ్లను కొలిచేవారికి ఒకే పండుగలో పని ఉండేది. అపార్టుమెంటులో ఒకే లిఫ్టు ఎక్కేవారికి కూడా అలాంటి ఉమ్మడి పని ఏదీ లేదు.

ఈ విషయంలో ప్రభుత్వాలు చేయగలిగింది కొంతే. ఇల్లు ఎవరికి అద్దెకు ఇవ్వాలన్నది యజమాని చేతిలో ఉంది, ఏ కుటుంబం వస్తే ఏ ముఖం పెట్టాలన్నది అసోసియేషన్ సభ్యుల చేతిలో ఉంది. ఈ ఆదివారం ఈ కథనం చదువుతున్నవారిలో సొంత ఫ్లాటు ఉన్నవారు, అసోసియేషన్ కార్యవర్గంలో ఉన్నవారు ఎందరో ఉంటారు. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవారి పేరు విన్నాక కూడా ఇల్లు చూపించమని వారికి ఈ అనుబంధం విన్నపం.